నొగ మీద కూర్చోబెట్టిన మనిషి

ట్రాక్టర్ వెనక తగిలించుకునే ఇనప బండి ఒకటి మాకుంది. రెండు చక్రాలు, వెల్డింగ్ చేసిన చట్రం, ముందుకు పొడుచుకొచ్చిన నొగ. ఎడ్లబండి నొగలాంటిదే, కాకపోతే ఇది ఇనుము. నొగ కొసన ఉన్న కన్నాన్ని ట్రాక్టర్ హుక్కు కన్నంతో కలిపి పైనుంచి పిన్ను దించుతాం. కుదుపులకి పిన్ను పైకి లేచిపోకుండా దాని అడుగున చిన్న క్లిప్పు పెడతాం. ఆ రెండూ మోసం చేసినా బండి విడిపోకుండా పక్కన ఒక గొలుసు ఉంటుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకి కూలికి వచ్చాడు. నేను పుట్టింది ఇక్కడే. పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి ఫెరార్గంజ్‌లో ఉంటూ ట్రాక్టర్ అద్దెకి తిప్పుతాను. వానలు మొదలయ్యాక చౌల్దారీ వైపు కొద్దిమంది ఇంకా వరి వేస్తారు. వాళ్ళ పొలాలకి దమ్ము చేయడానికి వెళ్తాను. దమ్ముకి, అంటే బురదలో దున్నడానికి, ఇనప ఊచల కేజీ వీల్స్ కావాలి. వాటితో తారురోడ్డు మీద నడపకూడదు. అందుకని వాటినీ మట్టిని గుల్ల చేసే రోటావేటర్‌నీ బండి మీద వేసుకుని పొలం గట్టు దాకా వెళ్ళి, అక్కడ దించి బిగించుకుంటాను.

ఆ పనిలో నాకు తోడు మా బావ. అక్క భర్త. అతని అసలు పని కొబ్బరి చెట్లు, పోకచెట్లు ఎక్కడం. కాళ్ళకి తాడు బంధం వేసుకుని చీలమండలు బిగించి పైకి పాకుతుంటే, చెట్టే అతన్ని పైకి లాక్కుంటోందా అనిపించేది. చౌల్దారీలో తోటలున్న వాళ్ళందరికీ అతను కావాలి. వానాకాలంలో చెట్లు జారతాయి కాబట్టి ఆ నెలల్లో నాతో వచ్చేవాడు.

ఇక్కడ మా అందరికీ ఒక అలవాటుంది. ఏ సామాను కావాలన్నా చెన్నై నుంచో విశాఖ నుంచో షిప్పు మీద రావాలి. సముద్రం బాగోకపోతే షిప్పు ఆలస్యం. అందుకని ఏది విరిగినా, ఏది పోయినా, షిప్పొచ్చేదాకా దేనితోనో ఒకదానితో నడిపిస్తాం. నడుస్తుందిలే అనడానికి ఇక్కడి హిందీలో 'చలేగా' అంటాం. మోటారు బెల్టు తెగితే సైకిల్ ట్యూబు, తలుపు గొళ్ళెం పోతే వల తాడు. అలా నెట్టుకురావడం తెలిసినవాడినే తెలివైనవాడంటాం. నేనూ ఆ తెలివి ఉన్నవాడినని గర్వపడేవాణ్ణి. మామూలు రోజుల్లో ఆ అలవాటుతో ఇల్లు గడుస్తుంది. ఏ వస్తువు దగ్గర ఆ తెలివి ఆపాలో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. నేనూ నేర్చుకోలేదు.

ఆ ఏడు క్లిప్పు ఎక్కడో పొలంలో పడిపోయింది. పిన్ను అడుగు కన్నంలో నైలాన్ తాడు దూర్చి ముడేశాను. అంతకుముందే గాలివానకి మా డింగీ లంగరు తాడు తెగింది. పడవ కొట్టుకుపోతుందన్న భయంతో బండి గొలుసు విప్పి తీసుకెళ్ళి డింగీకి కట్టాను. కొత్త గొలుసు షిప్పు మీద వచ్చాక బండి గొలుసు బండికి వేద్దామనుకున్నాను. ఉప్పుగాలికి తుప్పు పట్టని మంచి గొలుసు అది. పడవ భద్రంగా ఉంది.

ఆ పొద్దున సన్నటి వాన. రోటావేటర్‌ని పలకల మీదుగా బండిలోకి లాగాం. బరువు ఇరుసుకి కొంచెం ముందు ఉండాలి, అప్పుడే నొగ హుక్కు మీద ఒత్తుకుని కూర్చుంటుంది. పొలం దగ్గర దించడం తేలికవుతుందని నేను రోటావేటర్‌ని వెనకంచునే వదిలేశాను. సరిగా కట్టను కూడా లేదు. నొగ పైకి తంతోంది.

బావ చూశాడు. "ఏట్రా ఇది? తోక బరువు, తల తేలిక. నీ బుర్రలాగే ఉంది."

"ఇంకా ముందుకి లాగాలంటే పొద్దుపోద్ది బావా. నువ్వు నొగ మొదట్లో కూకో. నీ బరువుకి సరిపోద్ది."

"నన్ను బస్తా సేసీసావా?" అని నవ్వాడు. వంగి హుక్కు చూశాడు. "గొలుసేదిరా?"

"డింగీకి కట్టాను. షిప్పొచ్చేదాకా చలేగా."

"నీకన్నీ చలేగాయే. పెళ్ళినాడు చెప్పులు కూడా చలేగా అని మా తమ్ముడివి ఏసుకున్నావు."

"అవి ఇప్పటికీ ఇవ్వలేదు. జల్దీ ఎక్కు బావా, మావయ్య గట్టు మీద చూస్తుంటాడు."

ఎక్కాడు. అతను వద్దనలేదు. కానీ అక్కడ కూర్చోమన్నది నేను.

మావయ్య అని మేమందరం పిలిచే పెద్దాయనది చౌల్దారీలో పొలం, పెద్ద కొబ్బరితోట. దారిలో ఒక ఎత్తుంది. ఎక్కుతూ సగంలో గేరు మార్చాను. ట్రాక్టర్ ఒక్క కుదుపు కుదిపింది. వెనక ఏదో తేలికైనట్టు అనిపించింది. తిరిగి చూసేసరికి నైలాన్ తాడు తెగి పిన్ను పైకి లేచిపోయి ఉంది, బండి వెనక్కి దొర్లుతోంది. నొగ ఆకాశం వైపు లేచింది. బావ వెనక్కి జారి చట్రం పట్టుకున్నాడు. బండి పక్క కాలవలో పడి ఒరిగింది. రోటావేటర్ జారి అతని కుడికాలి మీద కూర్చుంది.

గొలుసు ఉండి ఉంటే బండి ఎత్తు మీదే వేలాడి ఆగేది. ఇది నేను తరవాత ఆలోచించి తెలుసుకున్న సంగతి కాదు. కాలవలోకి దూకుతున్నప్పుడే తెలుసు.

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి ఇనుముని ఎత్తారు. జీపులో పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బావ దారంతా పళ్ళు బిగబట్టి ఉన్నాడు, నన్ను ఒక్క మాటా అనలేదు. అక్క వచ్చింది. బావని లోపలికి తీసుకెళ్ళారు. వరండాలో నేను, మాతో వచ్చిన నలుగురు ఊరివాళ్ళు.

"ఆయన నొగ మీద ఎందుకు కూకున్నారురా?" అని అడిగింది అక్క.

నిజం చెప్పడానికి నోరు తెరిచానని ఇప్పుడు రాయగలను, కానీ అది అబద్ధం. అప్పుడు నా నోట్లో ఉన్నది ఒకటే మాట. "నాను వద్దన్నాను. ఇనలేదు."

అక్క తల వంచుకుంది. "ఆయనంతే. ఎవరి మాటా ఇనరు," అంది. ఊరివాళ్ళలో ఒకాయన, "చెట్లెక్కే వాళ్ళకి భయం ఉండదమ్మా," అన్నాడు. వాళ్ళకి వాళ్ళే నా అబద్ధానికి గోడలు కట్టి పైకప్పు వేశారు. నేను లోపల కూర్చున్నాను.

కాలు నిలిచింది. ఎముకలు అతికాయి. చీలమండ మాత్రం వంగడం మానేసింది. చెట్టెక్కేవాడికి అక్కడే పట్టు. డాక్టరు నడవొచ్చన్నాడు, ఎక్కడం గురించి అడిగితే తల అడ్డంగా ఊపాడు. బావ తన తాడు బంధాన్ని చుట్టి అటక మీద పెట్టాడట. అక్క చెప్పింది.

నేను ఆ తరవాత బండిని బాగు చేసుకున్నాను. గొలుసు తెచ్చి వేశాను. క్లిప్పులు ఒకటికి రెండు కొన్నాను. ఇప్పుడు బయల్దేరే ముందు పిన్ను పట్టి కిందికీ పైకీ లాగి చూస్తాను. చక్రాల గాలి నొక్కి చూస్తాను. ఆపిన చోట చక్రాల వెనక దిమ్మ పెట్టందే ట్రాక్టర్ దిగను. వానాకాలం ముందు చక్రాలు విప్పి బేరింగులకి కొత్త గ్రీజు పెడతాను, ఎందుకంటే ఇక్కడి గాలిలో పాత గ్రీజు కూడా తుప్పు నీళ్ళలా మారుతుంది. బండి మీద మనిషిని ఎక్కించను. చూసినవాళ్ళు, "బావకి అలా అయ్యాక బాగా జాగ్రత్తపడ్డాడు," అనేవారు. ఆ మెప్పు వింటూ గ్రీజు పూసేవాణ్ణి. ఇనుము విషయంలో మారాను. మాట విషయంలో మారలేదు.

బావ కర్రసాయంతో నడవడం మొదలుపెట్టి పని వెతుక్కున్నాడు. మావయ్య తోటకి ఒక మనిషి కావాలని తెలిసింది. చెట్టు ఎక్కనక్కర్లేదు. ఎక్కేవాళ్ళ చేత పని చేయించాలి, ఏ గెల పండిందో కిందనుంచి చెప్పాలి, తాళ్ళు చూడాలి. బావకి తెలిసినంత ఆ పని ఎవరికి తెలుసు? అక్క నన్ను పంపింది. "మావయ్య నీ మాటింటాడు. ఓసారి అడుగు."

వెళ్ళాను. మావయ్య తోట గుడిసె ముందు పోకచెక్కలు ఎండేస్తున్నాడు.

"మీ బావకా?" అన్నాడు. "మనిషి మంచోడు. చెట్టు గురించి వాడి ముందు ఎవడూ పనికిరాడు. కానీ అక్కడ పైకెక్కే పిల్లల ప్రాణాలు వాడి చేతిలో పెట్టాలి కదా బేటా. నువ్వు వద్దన్నా నొగ మీద కూకున్నోడు. రేపు ఒకడు తడిసిన చెట్టు ఎక్కుతానంటే వద్దంటాడా? డర్ లగ్తా హై, నాకు భయం. నేనివ్వలేను."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. నేను అందించిన మాటతో అతను సరిగ్గానే ఆలోచించాడు. ఇంకెవరికైనా ఆ పని ఇచ్చేస్తే, మా అక్క ఇంట్లో బావ అలా గోడకి ఆనుకుని కూర్చునే ఉంటాడు. ఊళ్ళో ఎవరి తోటలోకి వెళ్ళినా ఆ మాటే ముందు వెళ్ళి కూర్చుంటుంది.

"నాను వద్దనలేదు మావయ్యా," అన్నాను.

అతను పోకచెక్కలు తిరగేస్తూనే ఉన్నాడు. "ఏటీ?"

"కూకోమన్నది నేనే. బరువు ఎనక్కి పెట్టింది నేనే. గొలుసు డింగీకి కట్టాను. బావ అడిగాడు గొలుసేదని. షిప్పొచ్చేదాకా చలేగా అన్నాను."

అతను చేతులు దులుపుకుని నిలబడ్డాడు. "మరి వాడేం చెప్పలేదే ఎవరికీ?"

"చెప్పలేదు."

"ఈసారి దమ్ముకి నువ్వు రాకు," అన్నాడు. గొంతు పెంచలేదు. "వాడిని రేపు పంపు. నువ్వు చెప్పావని కాదు. గొలుసేదని అడిగాడు చూడు, అందుకు."

అక్కడినుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. పని దొరికిందని ముందు చెప్పి, మిగతాది తరవాత చెబుదామని దారిలో అనుకున్నాను. ఆ ఉపాయం కూడా నా పాత తెలివే. గుమ్మం దగ్గర అక్కని చూశాక ముందు మిగతాదే చెప్పాను. అక్క కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట మీంచి చెయ్యి తీసింది.

"నేను ఆయన్ని తిట్టాను," అంది. "మంచం మీద ఉన్న మనిషిని, ఎవరి మాటా ఇనవని రోజూ తిట్టాను. ఒక్కరోజు కూడా కాదనలేదు." లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

బావ గోడకి ఆనుకుని కుర్చీలో ఉన్నాడు. అంతా విన్నాడు. నేను అతని ముందు నేల మీద కూర్చుని మళ్ళీ చెప్పబోయాను.

"నాకేటి చెప్తావురా?" అన్నాడు. "అక్కడ కూకున్నది నేనే కదా. ఎవడు కూకోమన్నాడో నాకు తెలీదా?"

"ఎందుకు చెప్పలేదు బావా?"

"నువ్వు చెప్తావని." కాలు కొంచెం జరుపుకున్నాడు. "ఆసుపత్రిలో చూశాను, ఇయ్యాల చెప్తాడు అని. ఇంటికొచ్చాక చూశాను. నీకు పిల్లలున్నారు, ఊళ్ళో పరువుంది, టైం పడద్దిలే అనుకున్నాను. సూసి సూసి మానీసాను. ఆ మానీసినరోజు కాలు కన్నా ఎక్కువ నొప్పెట్టింది."

క్షమించమని అడగడానికి వచ్చాను. ఆ మాట విన్నాక అడగలేకపోయాను. అడిగితే అదీ అతని నెత్తినే ఒక పని పెట్టినట్టు అవుతుందనిపించింది. మావయ్య రేపు రమ్మన్నాడని మాత్రం చెప్పాను. అతను తల ఊపి, అటక మీద తాళ్ళచుట్ట దించమన్నాడు. పిల్లల తాళ్ళు ఎలా ఉన్నాయో, తనది పనికొస్తుందేమో చూడాలట.

ఇప్పుడు బావ ఆ తోటలోనే పని చేస్తున్నాడు. వాన చినికితే ఎవరినీ చెట్టు ఎక్కనివ్వడని, దిగమంటే దిగేదాకా కింద నిలబడి అరుస్తాడని విన్నాను. పండగలకి వాళ్ళింటికి వెళ్తాను. అక్క అన్నం పెడుతుంది. బావ వాతావరణం గురించీ, షిప్పు గురించీ మాట్లాడతాడు. వేళాకోళాలు మాత్రం ఆడడు. ఫెరార్గంజ్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడి కనిపిస్తే ట్రాక్టర్ ఆపుతాను. వెనక బండి తగిలించి లేని రోజున సీటు పక్కన చోటు చూపించి రమ్మంటాను. "నువ్వెళ్ళు, బస్సొస్తాది," అంటాడు. నేను వెళ్తాను.