పంపు దగ్గర దేవరాజు

దేవరాజు పేరు మీరు విని ఉండరు. అతని ఏడుపంతా అదే. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ ఉన్న ఆ చిన్న పట్నంలో మునిసిపాలిటీ ఫైరింజన్‌కి పందొమ్మిదేళ్ళుగా అతనే పంపు ఆపరేటరు. ఊళ్ళో ఎక్కడ మంట లేచినా, దాన్ని ఆర్పిన నీళ్ళు అతని చేతి మీదుగా వెళ్ళినవే. అయినా బజారులో ఎవరినైనా ఆపి దేవరాజు ఎవరని అడగండి, ఏ దేవరాజు, చేపల లారీల దేవరాజా అని మిమ్మల్నే ఎదురడుగుతారు.

అసలు ఫైర్ స్టేషన్ ప్రభుత్వానిది, పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడ ఇంజన్ బయల్దేరి, దారిలో రైల్వే గేటు పడితే గూడ్సు బండి తీరుబడిగా వెళ్ళేదాకా నిలబడి, ఇక్కడికి చేరేసరికి కాలవలసినవన్నీ కాలిపోయేవి. ఒక ఏడాది రైసు మిల్లొకటి అలా బూడిదయ్యాక మునిసిపాలిటీవారికి జ్ఞానోదయమైంది. ఎక్కడో పక్కన పడేసిన పాత ఇంజన్ తెచ్చి, మార్కెట్ వెనక రేకుల షెడ్డులో పెట్టి, అవుట్‌సోర్సింగ్ మీద అయిదుగురిని వేశారు. డ్రైవరొకడు, పంపు మీద దేవరాజు, మిగతా ముగ్గురూ హోసు పరిచి పట్టుకునేవాళ్ళు. హోసు చివర ఉండే ఇత్తడి గొట్టాన్ని వాళ్ళు బ్రాంచి అంటారు. మంట ఎదుట నిలబడి బ్రాంచి పట్టుకునేది ఒకడైతే, ఆ నీటి తోపుడికి వాడు వెల్లకిలా పడకుండా వెనకనుంచి భుజం ఆనించేది ఇంకొకడు. మూడోవాడు హోసు మడతలు పడకుండా చూస్తాడు.

దేవరాజు పుట్టింది కొల్లేటి గట్టున. తండ్రి చేపల చెరువుల దగ్గర ఆయిలింజన్లు తిప్పేవాడు. అక్షరాల కంటే ముందే అతనికి ఇంజన్ చప్పుడు వచ్చింది. ఏ ఇంజన్‌కి ఏ రోగమో దూరం నుంచి విని చెప్పేవాడు. ఆ విద్యతోనే ఈ ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంలోనే ఎడమ చెవి వినికిడి సగం పోయింది.

కొల్లేటి పక్క ఊళ్ళలో నీళ్ళకేం కరువు లేదు, ఎటు చూసినా చెరువే. కాని పైపు దించితే నీళ్ళ కంటే ముందు గుర్రపుడెక్కా నాచూ చేపపిల్లలూ వచ్చి మూతికి అడ్డం పడతాయి. పంపు గాలి పీల్చి ఊపిరాడక మూలుగుతుంది. చేరిన రెండో ఏటే దేవరాజు దానికి మందు కనిపెట్టాడు. సంతలో వెదురు బుట్ట కొనుక్కొచ్చి పైపు మూతికి గట్టిగా కట్టి దించాడు. నీళ్ళు వచ్చాయి, చెత్త ఆగిపోయింది. గూడెం నుంచి వచ్చిన స్టేషన్‌వాళ్ళు చూసి, బాగుందే అని తామూ కట్టుకున్నారు. ఎవరి ఆలోచన అని మాత్రం ఒక్కడూ అడగలేదు. ఆ దెబ్బ దేవరాజు గుండెలో పదిహేడేళ్ళుగా పచ్చిగానే ఉంది.

ఇంజన్ పాడైతే దేవరాజేడీ అంటారు. బాగా నడిస్తే ఎవరూ ఏమీ అనరు. అలాంటి పనిలో ఉన్నవాడికి పక్కవాడి పేరు వినబడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ పక్కవాడి పేరు ఏసోబు.

ఏసోబు బ్రాంచి పట్టుకునేవాడు. ముప్పై రెండేళ్ళవాడు, నల్లగా నిగనిగలాడుతూ ధ్వజస్తంభంలా ఉంటాడు. నవ్వితే ఎదుటివాడు కూడా నవ్వాల్సిందే. మొన్న ఏప్రిల్లో చేపలు ఎగుమతి చేసే థర్మాకోల్ పెట్టెల గోడౌన్ అంటుకుంది. నల్లటి పొగ ఊరంతా కమ్మింది. గోడౌన్‌ని ఆనుకుని ఉన్న ఇంట్లో మంచంపట్టిన ముసలాయన ఉండిపోయాడు. ఏసోబు ముందు నీళ్ళు కొట్టి దారి చేసుకుని, బ్రాంచి వెనకవాడికిచ్చి లోపలికి దూరి, ముసలాయన్ని భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. ఎవరో సెల్లులో తీసిన ఫొటో మర్నాడు పేపర్లో పడింది.

ఆ నలభై నిమిషాలూ దేవరాజు రోడ్డవతల చెరువుగట్టు మీద, ఒక చెయ్యి థ్రాటిల్ మీదా కళ్ళు ప్రెషరు గేజీ మీదా పెట్టి నిలబడ్డాడు. ఏసోబు లోపల ఉన్నంతసేపూ ముల్లు ఏడు కేజీల మీదనుంచి కదలనివ్వలేదు. ఆ ప్రెషరు అర నిమిషం తగ్గినా ఇద్దరూ తిరిగి వచ్చేవాళ్ళు కారు. పేపర్లో ఆ సంగతి లేదు. సొమ్మొకడిది సోకొకడిది అనుకుని దేవరాజు ఆ పూట అన్నం సయించక లేచిపోయాడు.

"ఏవండీ, ఏసోబు ఫొటో ఎంత బాగా పడిందో చూశారా?" అంది భార్య రూబీ. ఆవిడకి మొగుడి సంగతి తెలుసు, కావాలనే అంది.

"పొగలో ఎవడి మొహమైనా బాగానే పడుతుంది," అన్నాడు దేవరాజు.

ఆ తర్వాత కౌన్సిల్‌వారు ఏసోబుకి శాలువా కప్పారు. ఏసోబు దాన్ని ఇంటికి తీసుకెళ్ళలేదు. ఇంజన్‌లో స్ప్రింగులు పొడుచుకొచ్చిన వెనక సీటు మీద పరిచి, "అందరం కూర్చుందారండి, నడుములు బాగుపడతాయి," అన్నాడు. దేవరాజు ఆ శాలువా మీద కూర్చుని కూడా కుళ్ళుకున్నాడు. వాడి మంచితనం కూడా వాడి వైపు జనాన్ని లాగే ఎత్తే అనిపించింది. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, అది నిప్పార్పేవాడికే వస్తే ఆర్పేదెవరు? ఏసోబుని పేరు పెట్టి పిలవడం మానేసి హీరోగారూ అనడం మొదలుపెట్టాడు. పాపం ఏసోబు అది ముద్దు అనుకున్నాడు.

జూలైలో కౌన్సిల్ అజెండాలో ఒక అంశం వచ్చింది. రేకుల షెడ్డులో అయిదుగురు దండగ, డ్రైవరూ మరొకరూ ఉంటే చాలు, ముగ్గుర్ని తీసేసి ఆ మిగులుతో ఏలూరు రోడ్డు మొదట్లో పెద్ద ఆర్చీ, దాని మీద రంగు లైట్లూ పెడదామని. ఆర్చీ ముచ్చట చేపల చెరువుల ఆసామి, కౌన్సిలరు అబ్బాయిరాజుగారిది. కాదనేది తొమ్మిదో వార్డు పట్టాభిరామయ్యగారు, రిటైరైన లెక్కల మాస్టారు.

మాస్టారు ముందురోజు షెడ్డుకి వచ్చి దేవరాజుని పక్కకి పిలిచారు. "ఇక్కడ అందరికంటే సీనియర్‌వి నువ్వే కదయ్యా. రేపు నిన్ను హాల్లోకి పిలిపిస్తాను. అయిదుగురూ ఎందుకు కావాలో సభకి చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు, ఆ తర్వాత నేను చూసుకుంటాను."

పందొమ్మిదేళ్ళకి మొదటిసారి ఒకరు అతని మాట కావాలన్నారు. రాత్రి రూబీ చేత ఖాకీ చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించుకున్నాడు. తను పంపు గురించి చెబుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టి వింటున్నట్టు ఊహించుకుని నిద్రపోయాడు.

మర్నాడు మిగతా నలుగురూ వరండాలో ఆగిపోయారు, దేవరాజొక్కడే లోపల గోడవారగా నిలబడ్డాడు. పట్టాభిరామయ్యగారు లేచారు. లెక్కల మాస్టారి లెక్క అక్కడే తప్పింది. సభ మనసు కరిగించాలని, గోడౌన్ సంగతి ఎత్తుకుని ఏసోబుని పొగడడం మొదలుపెట్టారు. ఏసోబు తెగువ, ఏసోబు త్యాగం, ఏసోబు లేకపోతే ఆ ముసలాయన ఏమయ్యేవాడు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ బల్లలు చరిచారు. చైర్‌పర్సన్ చంద్రకళగారు కూడా చప్పట్లు కొట్టారు. అయిదు నిమిషాల పాటు దేవరాజు పేరు ఎక్కడా రాలేదు. అతని చెవులు మండిపోయాయి.

"ఇప్పుడు దేవరాజు చెబుతాడండి. చెప్పవయ్యా, బ్రాంచి దగ్గర మనుషులు లేకపోతే ఏమవుతుందో," అన్నారు మాస్టారు.

దేవరాజు గొంతు సవరించుకున్నాడు. చెప్పాల్సిన మాటలు అతనికి తెలుసు. చేరిన కొత్తలో సరదాకి బ్రాంచి పట్టుకుని, నాలుగు కేజీలకే ఎగిరి బురదలో పడి, మూడు వారాలు పక్కటెముకలకి కట్టు కట్టించుకున్నవాడే అతను. కాని ఆ క్షణాన నోటికి ఆ బురద గుర్తు రాలేదు, ఆ చప్పట్లే గుర్తున్నాయి.

"బ్రాంచి పట్టుకోడానికేముందండీ," అన్నాడు. "ఎవరు పట్టుకున్నా అందులోంచి నీళ్ళే వస్తాయండి. అసలు పనంతా పంపు దగ్గరండి. ఆవేళ ఏడు కేజీలు నేను నిలబెట్టాను కాబట్టి సరిపోయిందండి."

హాలు నిజంగానే ఊపిరి బిగబట్టి వింది. పట్టాభిరామయ్యగారు కళ్ళజోడు తీసేశారు.

అబ్బాయిరాజుగారు ముందుకు వంగారు. "అంటే ఊళ్ళోవాళ్ళెవరైనా పట్టుకోవచ్చంటావా?"

"పంపు సరిగ్గా ఉంటే పట్టుకోవచ్చండి."

"విన్నారాండీ మేడమ్? మనం కాదు, పందొమ్మిదేళ్ళ సర్వీసున్న మనిషి చెబుతున్నాడు! డ్రైవర్నీ దేవరాజునీ ఉంచేద్దారండి. ఇన్నాళ్ళూ ఇలాంటి పనిమంతుణ్ణి మనం గుర్తించకపోవడం తప్పేనండి."

బల్లలు మళ్ళీ చరిచారు, ఈసారి దేవరాజు కోసం. ఒక్క క్షణం అతనికి ఒళ్ళు పులకరించింది కూడా, అబద్ధమెందుకు. తర్వాత చేతులెత్తమన్నారు. ఇరవై మూడు మందిలో పందొమ్మిది చేతులు లేచాయి. అప్పటికిగాని తను ఏమన్నాడో దేవరాజు తలకెక్కలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని తెలియనివాడు కాదు. మేడమ్‌గారూ అని ఒకడుగు ముందుకేశాడు. అప్పటికే గుమాస్తా తర్వాతి అంశం చదువుతున్నాడు, వీధికుక్కల గురించి.

వరండాలోకి వచ్చేసరికి ఏసోబు ఎదురొచ్చాడు. "ఏమైందన్నయ్యా?"

"తీర్మానం పాసైంది."

ఏసోబు నవ్వు ఆరిపోయింది. వెనక నిలబడ్డ హోసువాళ్ళిద్దరి వంకా ఒకసారి చూశాడు. "మీరున్నారా?"

"నేనూ డ్రైవరూ ఉన్నాం."

"పోన్లెండన్నయ్యా, మీరైనా ఉన్నారు," అన్నాడు ఏసోబు. "ఆవేళ పంపు మీద మీరు కాక ఇంకోడుంటే నేను లోపలికి వెళ్ళేవాణ్ణే కాదండి. ఆ పేపరాయనకి కూడా అదే చెప్పాను, ముందు మా అన్నయ్య పేరు రాయండీ అని. రాయలేదు మహానుభావుడు."

పందొమ్మిదేళ్ళుగా దేవరాజు ఏ మాట కోసం మొహం వాచి ఉన్నాడో ఆ మాట ఇంత తేలిగ్గా, అడగకుండా, ఉద్యోగం పోయిన మనిషి నోట వచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది. సిగ్గు కలిగింది, కాని దాని పక్కనే అసూయ కూడా లేచి కూర్చుంది. అలాంటి మాట వాడికి అంత సులువుగా ఎలా వస్తుంది, నాకెందుకు రాదు అని. ఆ తర్వాత ఏసోబు వట్లూరులో ఒక కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఆర్చీకి పునాదులు తవ్వారు.

డిసెంబరులో, కోతలు అయ్యాక, ఒక మధ్యాహ్నం పెదపాడు వైపు నుంచి ఫోను వచ్చింది. గాయత్రి అనే ఆవిడ పెరట్లో గడ్డిమేటు అంటుకుని పశువుల పాకకి పాకింది, గాలి ఇంటివైపుంది. ఇంజన్ పది నిమిషాల్లో చేరింది. పక్కనే చెరువు. దేవరాజు బుట్ట కట్టి పైపు దించాడు, డ్రైవరు హోసు పరిచాడు, ఊళ్ళోవాళ్ళు నలుగురు మేం పట్టుకుంటామండీ అని బ్రాంచి అందుకున్నారు. దేవరాజు థ్రాటిల్ ఇచ్చాడు. ముల్లు నాలుగు మీదికి వచ్చేసరికి బ్రాంచి వాళ్ళ చేతుల్లోంచి ఎగిరి, ఒకతని పళ్ళు రాలగొట్టి, నేలమీద పాములా కొట్టుకుంది. డ్రైవరు పరుగెత్తి దాని మీద పడ్డాడు. దేవరాజు థ్రాటిల్ తగ్గించాడు. రెండు మీద పెడితే వాళ్ళు పట్టుకోగలిగారు. రెండు మీద నీళ్ళు పాక దాకా వెళ్ళి అక్కడే చతికిలపడ్డాయి. ఇంటి కప్పుకి అందలేదు.

తను వెళ్ళి పట్టుకుందామంటే పంపు వదలాలి. వదిలితే ఆ రెండూ ఉండవు. పందొమ్మిదేళ్ళు సాకిన ఇంజన్ ఏడు కేజీలు కొట్టే సత్తువ ఉండీ రెండు మీద గురకపెడుతోంది. ఏసోబు ఇక్కడుంటే బాగుండును అనుకున్నాడు దేవరాజు. ఉంటే మళ్ళీ వాడి ఫొటోయే పడుతుంది. పడితే పడనీ, పేపరంతా వాడిదే పడనీ, ఒక్కసారి వస్తే చాలు అనుకున్నాడు.

ఇంటి దూలాలు అంటుకున్నాయి. పిల్లని చంకనేసుకుని గాయత్రి గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ, నీళ్ళు కప్పుకి అందట్లేదండీ! పంపు పాడైందాండీ?"

"పంపు బాగానే ఉందండి," అన్నాడు దేవరాజు.

"మరి ఏవైందండీ?"

అతను గేజీ మీదనుంచి కళ్ళు ఎత్తలేదు. "పట్టుకునేవాళ్ళు లేరండి," అన్నాడు. "అక్కర్లేదని నేనే చెప్పానండి."