ముందు రావాల్సినవాళ్లను రాయి

మా చిన్నమ్మ పోయిన వారం మదనపల్లెలో కన్నుమూసింది. కబురు తెలిసేసరికి నేను కుప్పంలో ఆమె మొదలుపెట్టిన పనే చేస్తున్నాను. ఏడుపు ఆగలేదు. అయినా ఈ నాలుగు మాటలు ఏడుస్తూ రాయబుద్ధి కావడం లేదు. చిన్నమ్మ గెలిచి వెళ్లిన మనిషి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో శాఖలున్న ఒక ఆసుపత్రికి ఆమె నెట్‌వర్క్ చూసేది. కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్‌లలో ఏ మిషన్ దేనితో మాట్లాడవచ్చో, దేనితో కూడదో వరసగా నియమాలు రాసిపెట్టాలి. వాటినే యాక్సెస్ లిస్టు అంటాం. నన్ను పనిలో చేర్చుకుని అది అ ఆల నుంచీ నేర్పింది ఆమే.

కీబోర్డు దొరికితే చాలు, టకటకా కొట్టేద్దామనే తొందర నాది. ఆమె అలా కానిచ్చేది కాదు. ముందు నన్ను ల్యాబుకూ, ఎక్స్‌రే గదికీ, మందుల కౌంటరుకూ తిప్పేది. అక్కడ కుర్చీ లాక్కుని కూర్చుని, "ఈ మిషను ఎవురితో మాట్లాడాలమ్మా? రిపోర్టు యాడికి పోతాది?" అంటూ పిల్లకు సంబంధం చూస్తున్నట్టు ఆరా తీసేది.

"ముందు రావాల్సినోళ్లని రాయి పాపా. స్విచ్చి పైనించి సదువుకుంటా వస్తాది. సరిపోయింది కనపడితే ఆడే ఆగిపోతాది. మిగిలినోళ్లకి మనం రాయకపోయినా వాకిలి మూసేస్తాది" అనేది.

ఆ చివరి మాట ఆమె దెబ్బతిని నేర్చుకున్నది. ఒకసారి మదనపల్లెలో కూర్చుని కుప్పం స్విచ్‌కు నియమాలు పెడుతూ, తను లోపలికి పోయే దారి రాసుకోవడం మరిచింది. స్విచ్ ఆమెనే బయటికి నెట్టింది. సరిచేయడానికి బస్సెక్కి కుప్పం దాకా పోవాల్సి వచ్చింది. "బీగం చెవి లోపల పెట్టి బయట బీగమేసుకున్యా గదమ్మా!" అని ఆ కథ తనే అందరికీ చెప్పి పడీ పడీ నవ్వేది.

పుంగనూరు శాఖ మేనేజరుకు మాత్రం ఈ అడ్డుకట్టలు నచ్చలేదు. "ఇన్ని వాకిళ్లు మూస్తే పనెట్ల జరగాలమ్మా? ఒక్క రిపోర్టు ఆగినా ఎవురిది పూచీ?" అన్నాడు.

"నాదే సార్. వాకిలి తీసిపెట్టి కుక్కని తిడితే ఏం లాభం?" అంది చిన్నమ్మ. తేడా వస్తే ఆమె ఉద్యోగం ఊడుతుందని ఇద్దరికీ తెలుసు.

పోయినేడు ఒక ఉదయం ఓపీ నిండా జనం ఉండగా, పుంగనూరు రిజిస్ట్రేషన్ కౌంటరు కంప్యూటరుకు వైరస్ పట్టింది. అది కనబడిన ప్రతి మిషన్ వాకిలీ తట్టడం మొదలుపెట్టింది. మేమిద్దరం ఆ రోజు అక్కడే ఉన్నాం. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ముఖాన కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు.

"ల్యాబు పోయినట్టేనా అమ్మా?"

చిన్నమ్మ తన ల్యాప్‌టాప్‌లో స్విచ్ నియమాలు తెరిచి తెర ఆయన వైపు తిప్పింది. ఆ కౌంటరుకు రిజిస్ట్రేషన్ సర్వర్ దారి ఒక్కటే రాసి ఉంది. ల్యాబుకు దారే లేదు. వైరస్ అటు పోబోయిన ప్రతిసారీ, ఆపినవాటి అంకె ఒకటి పెరుగుతోంది. కౌంటరు కంప్యూటరు తీగ పీకేద్దామని నేను లేచాను.

"పీకుదువులే పాపా. సార్‌ని ఒక్క నిమిషం సూడనీ" అంది చిన్నమ్మ.

చెంగు నడుముకు దోపి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడింది. తెర మీద అంకె ఎగబాకుతూనే ఉంది. పక్క గదిలో ల్యాబు ప్రింటరు మాత్రం ఏమీ ఎరగనట్టు రక్తపరీక్షల రిపోర్టులు ఒకదాని వెనక ఒకటి బయటికి తోస్తోంది.

"వాకిలి తట్టుకోనీ సార్," అంది నవ్వుతూ, "ఇంకా తట్టుకోనీ!"