కడగని ఫోటో

కుప్పం హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరిన రెండో ఏడు నాకు ఫోటోల పిచ్చి పట్టింది. డెబ్బైల నాటి మాట. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక మాస్టరు తన డబ్బా కెమెరాను నా చేతిలో పెట్టి పోయాడు. రోలుకు పన్నెండు ఫోటోలు వచ్చేవి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఆదివారం వస్తే చాలు, స్కూలు లాబు కిటికీలకు నల్ల కంబళ్ళు కట్టి, బల్బుకు ఎర్ర కాగితం చుట్టి, పింగాణీ పళ్ళేల్లో డెవలపరు, హైపో అనే ఫోటో మందులు కలుపుకుని అక్కడే మకాం. పాలపొడి డబ్బా, భూతద్దం, నాలుగు చెక్కముక్కలు కలిపి ఫోటోను పెద్దది చేసే ఎన్లార్జరు కూడా నేనే తయారుచేశాను. దాన్ని పైకీ కిందికీ జరపడానికి వీల్లేదు. ఏ ఫోటో అయినా ఒకే సైజులో వచ్చేది. అయినా వచ్చినవాళ్ళందరికీ దాన్ని విమానం చూపించినంత గర్వంగా చూపించేవాణ్ణి.

మా ఊరు చౌడేపల్లె దగ్గర. సెలవులకు పుంగనూరు మీదుగా ఇంటికి పోయి, ఒక రాత్రి ఉండి, తెల్లారగానే మదనపల్లె బస్సెక్కేవాణ్ణి. ఫిల్మూ, ప్రింటు వేసే బ్రోమైడు కాగితమూ, మందులూ అక్కడ కొనేవాణ్ణి. నాయనను, అమ్మను చూడ్డానికి వచ్చానని ఊళ్ళో అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే మదనపల్లెకు పోయే దారిలో మా ఊరు ఉంది, అంతే.

బండరాళ్ళు తీశాను, మబ్బులు తీశాను, ఎండిపోయిన బావిలోకి దిగే మెట్ల నీడలు తీశాను. ఇంట్లోవాళ్ళను మాత్రం తీయలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు.

నాయనను తీసింది కూడా నాయన మీద ప్రేమతో కాదు, ప్రయోగం కోసం. డబ్బా కెమెరాకు దగ్గరి వస్తువులు మసగ్గా వస్తాయి. దాని ముందు ఇంకో కుంభాకార కటకం పెడితే స్పష్టంగా వస్తాయని పిల్లలకు చెప్పే పాఠంలోనే ఉంది. నాయన తిన్నె మీద కూర్చుని వేరుశెనగ విత్తనానికి చెనిక్కాయలు వలుస్తున్నాడు. పోయి ఆయన ముక్కు మీది కళ్ళజోడు ఊడబీకాను.

“నాకు కనపడదు గదరా” అన్నాడు.

“నీకు కనపడాల్సిన పని లేదు నాయినా. కెమెరాకు కనపడితే చాలు.”

చమత్కారం అనుకుని అన్నాను. ఆయన కూడా నవ్వాడు. కళ్ళజోడు అద్దం ఒకటి ఊడదీసి, అట్టముక్కకు అంటించి కెమెరా ముందు కట్టాను. మూరెడు దారం తీసుకుని అద్దం నుంచి ఆయన ముఖం దాకా కొలిచాను. ఇంక నేను వంగి కెమెరా వెనక దాక్కున్నాను. అద్దాలు లేని ఆయనకు అంతా మసక.

“యాడుండావురా?” అన్నాడు.

“ఈడే నాయినా, నీ ముందరే.”

మాట వచ్చిన వైపు కళ్ళు తిప్పాడు. మీట నొక్కాను.

“ఆ అద్దం నీ కాడే పెట్టుకో. పాతబడింది. నేను ఇంగోటి తెప్పించుకుంటాలే” అన్నాడు. తెప్పించుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదంతా చెనిక్కాయల్లో పుచ్చువి ఏరడానికి అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాడని నేను చూశాను. చూసి ఏమీ అనుకోలేదు. అదీ నా సంగతి.

కుప్పం వచ్చి ఫిల్ము డెవలప్ చేశాను. తడి నెగటివును వెలుతురుకు పట్టి చూస్తే ఆయన కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టేటట్టు వచ్చాయి. ప్రయోగం ఫలించింది. ఎగిరి గంతేశాను. అక్కడితో ఆ నెగటివుతో నాకు పనైపోయింది. కాగితం మీద దాన్ని ఒక్కసారి కూడా ప్రింటు వేయలేదు. ఉన్న కాగితాలు బండరాళ్ళకు కావాలి.

ఆ తర్వాత ఊరికి పోయినప్పుడు నాయన అడిగాడు. “నా ఫోటో కడిగినావా?”

మావైపు ఫోటో కడగడమంటే చేతికి వచ్చేదాకా అంతా అందులోనే వస్తుంది.

“ఇంగా లేదు నాయినా.”

మళ్ళీ పోయినప్పుడు అడిగాడు. ఆ మళ్ళీ కూడా అడిగాడు. నిష్ఠూరంగా కాదు. మీ పక్క వాన పడిందా అని అడిగినట్టు అడిగేవాడు.

ఇంతలో ఒక రోజు గుడుపల్లె నుంచి ఒకాయన స్కూలుకొచ్చాడు. వాళ్ళ నాయన పొద్దున్నే పోయాడు. కుప్పంలో స్టూడియో ఆయన పెళ్ళికి పోయి ఉన్నాడు. ఇంకెవరి దగ్గర కెమెరా ఉందని అడిగితే నన్ను చూపించారట. సెలవు పెట్టి పోయాను. పోయినాయన పెద్ద రైతు. నోరు మంచిది కాదని దారిలోనే విన్నాను. స్నానం చేయించి, పంచె కట్టి, తలపాగా చుట్టి కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా పైగుడ్డతో కుర్చీకి కట్టారు. చుట్టూ ఇంటివాళ్ళంతా నిలబడ్డారు. ఆ రోజుల్లో చాలామందికి బతికినన్నాళ్ళూ ఫోటో ఉండేది కాదు. పోయాకే తీసేవాళ్ళు. గుంపును తీశాక కొడుకు, “మొగం ఒకటే పెద్దదిగా గావాల అయ్యోరా, గోడకు పెట్టేకి” అన్నాడు. నాయన కళ్ళజోడు అద్దం కెమెరాకు కట్టి, అదే మూరెడు దారంతో కొలిచి తీశాను.

కళ్ళు మూసుకున్న ముఖాన్ని ఎవరూ గోడకు పెట్టరు. స్టూడియోల్లో అయితే మూసిన రెప్పల మీద కుంచెతో కళ్ళు వేసి ఇచ్చేవాళ్ళు. అవి బొమ్మ కళ్ళలాగా ఉండేవి. నాకు అహంకారం. వాళ్ళకంటే బాగా చేసి చూపించాలి. నిజమైన కళ్ళే పెట్టాలి. ఒకే అద్దం, ఒకే దూరం కాబట్టి రెండు నెగటివుల్లో ముఖాలు అచ్చం ఒకే కొలతలో ఉన్నాయి. ఇద్దరికీ వయసు కూడా ఇంచుమించు ఒకటే.

ఒక ఆదివారం పగలంతా లాబులో కూర్చున్నాను. కొత్త బ్లేడుతో నాయన నెగటివులోంచి కళ్ళ మేరకు ఒక పట్టీ కోశాను. పోయినాయన నెగటివులో కూడా అంత మేర కోసి తీసేసి, అక్కడ ఈ పట్టీ పెట్టి, అంచులకు సన్నగా టేపు వేశాను. అతుకులు కనబడకుండా పెన్సిలుతో దిద్దాను. కోసేటప్పుడు వెనకాడలేదు. నాయన ఎక్కడికి పోతాడు, ఇంకోటి తీసుకోవచ్చులే అనుకున్నాను. కళ్ళు కోసేయగా మిగిలిన నాయన ముఖాన్ని చెత్తలో వేశాను.

ఫోటో చూసి ఆ ఇంట్లో కొడుకు ఏడ్చేశాడు. “మా నాయన లేచొచ్చినట్టుండాదే” అన్నాడు. పోయినాయన భార్య మాత్రం చాలాసేపు చూసి, “ఈ కండ్లు యాడివప్పా?” అంది. “కెమెరాలో అట్లే వస్తాయమ్మా” అన్నాను. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. వాళ్ళు పటానికి దండ వేసి, అద్దం మీద కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి హారతి ఇచ్చారు. ఆ హారతి వెలుగు మా నాయన కళ్ళల్లో కదలడం చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. బతికున్న మనిషి ఫోటోకు దండ వేయకూడదని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. గబగబా బస్టాండుకు వచ్చేశాను.

రెండేళ్ళు తిరక్కుండానే నాయన కళ్ళకు పొరలు వచ్చాయి. ఆ వయసులో అందరికీ వస్తాయి. ఎందుకు వస్తాయో నేను నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పగలను. అయినా ప్రతి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గుడుపల్లెలో వెలిగే కర్పూరం గుర్తొచ్చేది. సెలవులకు తీసుకుపోతాలే, పరీక్షలు అయ్యాక తీసుకుపోతాలే అని నేను జరుపుకుంటూ వచ్చాను. చివరికి మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు చూసి, చాలా ఆలస్యం చేశారన్నాడు. ఆపరేషను చేసినా ఒక కన్నుకు వెలుతురూ నీడా తప్ప ఏమీ రాలేదు. అప్పటినుంచి నల్లద్దాలు. నా ఫోటో కడిగినావా అని అడగడం అప్పటికే మానేశాడు. ఆయన అడగకపోవడం నాకు హాయిగా ఉండేది. దాచడమెందుకు?

ఎనభైల మధ్యలో నాయన పోయాడు. పెద్దకర్మకు పటం కావాలి. ఇల్లంతా వెతికితే నల్లద్దాలు పెట్టుకున్న ఫోటో ఒకటి, ఎవరిదో పెళ్ళి గుంపులో చివర సగం ముఖం ఒకటి దొరికాయి. అమ్మ నా వైపు చూసింది.

“ఊళ్ళో రాళ్ళన్నీ ఫోటో తీసినావే. మీ నాయనది ఒకటన్నా కడిగింది ల్యాదా?”

నల్లద్దాల ఫోటోకే దండ వేశాం.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కుప్పం వచ్చి అతుకు వేసిన ఆ పాత నెగటివు కోసం పెట్టె తీశాను. టేపు జిగురు కరిగి, దాచిన కాగితానికి అతుక్కుపోయి ఉంది. లాగితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఇంక మా నాయన కళ్ళు ఈ లోకంలో ఒక్క చోటే ఉన్నాయి. ఆ అద్దం, దారం, కెమెరా సంచిలో వేసుకుని గుడుపల్లె పోయాను.

ఆ ఇంట్లో పోయినాయన భార్య ఒక్కతే ఉంది. కొడుకూ కోడలూ చేలోకి పోయారు. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చింది. గోడ మీద పటం ఉంది. చుట్టూ పసుపుపచ్చగా మారింది గానీ కళ్ళు అలాగే ఉన్నాయి. నేరుగా నన్నే చూస్తున్నాయి. తల దించుకున్నాను.

“ఫోటో పాతబడిపోతాది కదమ్మా. ఇంగో కాపీ తీసి పెడదామని వచ్చినాను” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. “ఆయన కోసరం వచ్చినారా, ఆ కండ్ల కోసరం వచ్చినారా?”

తీయబోయిన కెమెరాను మళ్ళీ సంచిలోకి జార్చాను.

“అన్నేండ్లు కాపరం చేసినాను. ఆయన కండ్లు నాకు తెలీవా అప్పా? సూస్తే కాల్చేసినట్ల సూసే మనిషి. నన్ను ఒక్క దినమన్నా ఇట్ల సూసింది ల్యాదు. ఆ పొద్దు మీరు పటం తెస్తే లోపలికి పోయినాను సూడండి, ఏడ్సేకి కాదు. సిగ్గయింది.”

“మరి ఎవురితోనూ చెప్పలేదా అమ్మా?”

“సెప్తే మీరు తీసకపోతారని.” పటం వైపు చూసి అడిగింది. “ఎవురివప్పా అవి?”

“మా నాయనవమ్మా.”

ఆమె చెయ్యి మంచం కోడును పట్టుకుంది. “ఉండాడా మీ నాయన?”

“లేడమ్మా.”

“ఇప్పటి మాట గాదు. నేను పూలు పెట్టబట్టినప్పుడు ఉండాడా?”

నిజం చెబితే ఆ పాపం ఆమె నెత్తిన పడుతుంది. ఇన్నేళ్ళూ బతికున్న మనిషికి దండలు వేశానని మిగిలిన రోజులు కుమిలిపోతుంది. అబద్ధం చెబితే మా నాయన అప్పుడే చచ్చిపోవాలి.

“అప్పటికే పోయినాడమ్మా” అన్నాను.

“అట్లయితే సరే” అని ఊపిరి వదిలి, రెండు చేతులూ జోడించి పటానికి మొక్కింది.

మా నాయన తిన్నె మీద కూర్చుని నా కోసం చూసిన ఏళ్ళన్నీ ఒక్క మాటతో కొట్టిపారేశాను. ఆమె మనసు నొవ్వకూడదనే చెప్పానని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. కానీ ఆమె బాధపడితే పటం ముట్టనిస్తుందో లేదోనన్న భయం కూడా అప్పుడు నాలో ఉంది.

పటాన్ని ఆమే మేకు నుంచి దించింది. దండ తీసి, అద్దం మీది కుంకుమ కొంగుతో తుడిచి, వాకిట్లో వెలుతురుకు ఆనించి పెట్టింది. నాయన అద్దం కట్టి, దారంతో కొలిచి, ఒక రోలంతా తీశాను. నేను బయల్దేరేసరికి ఆమె మళ్ళీ బొట్టు పెడుతోంది.

ప్రింటు వేసేటప్పుడు మిగతా ముఖాన్ని అట్టతో మూసేసి కళ్ళ మేరకే వెలుతురు పడనిచ్చాను. ఇంకొకరి ముక్కూ మీసమూ మా ఇంట్లో ఎందుకు? తెల్లటి కాగితం మధ్యలో రెండు కళ్ళు వచ్చాయి. ఈసారి నీళ్ళలో చాలాసేపు కడిగాను.

ఊరికి తీసుకుపోయి అమ్మ చేతికిచ్చాను. ఎవరివని చెప్పలేదు. ఆమె తిన్నె మీద, నాయన కూర్చునే చోటే కూర్చుని, కాగితాన్ని దగ్గరికీ దూరానికీ జరుపుకుని చూసింది. వేలితో ఆ కళ్ళ కింద తడిమింది.

“నువ్వు అద్దాలు ఊడబీకి తీసింది గదా ఇది. కడిగినాడా, కడిగినాడా అని పోయేదంకా నన్ను అడగతానే ఉండె. నిన్ను అడిగితే నువ్వు నొచ్చుకుంటావని.”

నేను గుంజను ఆనుకుని నిలబడ్డాను. అమ్మ కాగితాన్ని తిప్పి వెనక వైపు చూసింది. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ ముందుకు తిప్పింది.

“మిగతా మొగం యాడరా?” అంది.