నలభై మందికే చోటు

సుల్మా లారోసా ముప్ఫై ఒక్క ఏళ్లుగా పిల్లలకు చదువు చెబుతోంది. అందులో పద్నాలుగేళ్లు పాసో తోర్దీషో అనే పల్లె బడిలోనే గడిచాయి. ఒకటే గది, ఏడుగురు పిల్లలు, ఆరు తరగతులు. వెనక వంటిల్లు, దాని పక్కన ఆమె పడుకునే గది. చెయ్యి ఆపకుండా ఒక్క గీతలో నిండు సున్నా చుట్టగలదని చుట్టుపక్కల పేరు. సుల్మా ఆ పేరును పైకి ఒప్పుకునేది కాదు గానీ, కొత్తవాళ్లెవరైనా బడికి వస్తే ఏదో ఒక వంకతో భిన్నాల పాఠం ఎత్తుకునేది. భిన్నాలంటే రొట్టె గీయాలి కదా.

పోయినేడు వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ సున్నాను చూసి కూడా మెత్తబడలేదు. "పాఠం బాగుంది. పద్ధతి పాతది" అని రాసి మార్కులు కోసేశాడు. అదే చిక్కు. ఏటా డిసెంబరులో టీచర్లందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి మార్కుల వరుసలో పేర్లు పిలుస్తారు. ముందు పిలుపందుకున్నవాళ్లు ముందు బడి ఎంచుకుంటారు. పట్నంలో ఒక చిన్న టీచరమ్మకు పాసో తోర్దీషో పశువుల డాక్టరుతో పెళ్లి కుదిరిందనీ, ఆమె కన్ను ఈ బడి మీదే ఉందనీ సుల్మా చెవిన పడింది. ఈసారి కూడా మార్కులు తగ్గితే పెట్టె సర్దుకోవాల్సిందే.

అందుకే శిక్షణకు పిలవగానే వెళ్లింది. పాఠాలకు ప్రాణం పోసే ఉచిత కంప్యూటరు సాధనాలట. మూడు రోజులు విని, వాటి పేర్లు ఒక పేజీ నిండా రాసుకొచ్చింది. ఆ పేజీలో ఆమెకు పూర్తిగా అర్థమైంది ఉచితం అన్న మాటొక్కటే.

మొదట, జవాబు చెప్పాల్సినవాళ్లను పిలిచే పిల్లల పేర్ల చక్రాన్ని తిప్పింది. అది ఎటు తిప్పినా మాయ్‌కోల్ దగ్గరే ఆగేది. నాలుగో రోజు మాయ్‌కోల్ కడుపునొప్పని ఇంట్లో ఉండిపోయాడు. తర్వాత ఎక్కడో దూరదేశపు మ్యూజియం లోపల తిప్పి చూపించబోయింది. ఉన్న ఇంటర్నెట్టుకు మ్యూజియం మెట్లు ఎక్కేసరికి ఆటల గంట కొట్టేవారు. వారం రోజులు తంటాలు పడ్డాక పిల్లలకు ఆ మూడు మెట్లూ బాగా వచ్చాయి. పోనీ, ఎక్కువమంది రాసిన మాటను పెద్దగా చూపించే సాధనం ఒకటుందిగా అని, "మన దేశంలో మీకు ఏదిష్టం?" అని అడిగింది. గోడంత అక్షరాలతో 'తోర్తా' అని వచ్చింది. ఆ రోజు వాన, బడి వంటమనిషి నిల్దా వంటింట్లో తోర్తాలు, అంటే నూనెలో వేసే గుండ్రటి రొట్టెలు, వేయిస్తోంది మరి.

ఒక్కో సాధనానికి ఒక్కో పాస్‌వర్డు. అన్నిటినీ సుల్మా వంటసామాన్ల గది తలుపు వెనక పెన్సిలుతో రాసిపెట్టింది.

"టీచరమ్మా, పిండి డబ్బా ఎదురుగా ఉన్నది చక్రానిదా, మ్యూజియానిదా?" అని నిల్దా కేకేసేది.

"మ్యూజియానిది. చెరపకు!"

"నేనెందుకు చెరుపుతాను? మా చెల్లెలికి కూడా చెప్పాను, మర్చిపోకుండా."

చివరికి సుల్మాకు లొంగింది ప్రశ్నల పోటీ ఒక్కటే. ప్రశ్న గోడ మీద పడుతుంది, పిల్లలు ప్రభుత్వమిచ్చిన తమ చిన్న కంప్యూటర్లలో జవాబు నొక్కుతారు, ఎంతమంది ఏది నొక్కారో రంగు కడ్డీలు లేస్తాయి. కొత్త ఇన్‌స్పెక్టరమ్మ బెర్రూటి గురువారం వస్తానని కబురు పెట్టింది. సుల్మా భిన్నాల మీద ఎనిమిది ప్రశ్నలు తయారుచేసింది. సోమవారం మొదలైన వాన మాత్రం తెరిపి ఇవ్వలేదు. వాగు పొంగితే అవతలి ఇద్దరు పిల్లలు రాలేరు. అందుకని రేడియోకి ఫోన్ చేసింది. తప్పిపోయిన ఆవుల దగ్గర్నుంచి ఆసుపత్రి కబుర్ల దాకా ఆ చుట్టుపక్కల ఏ సంగతైనా మధ్యాహ్నం ఏబెర్ నోటితో వినాల్సిందే.

"రాసుకున్నావా ఏబెర్? గురువారం పది గంటలకి. పోటీలో చేరే నంబరు నాలుగు ఏడు ఒకటి, సున్నా ఎనిమిది మూడు. వాగు దాటలేని పిల్లలు ఇంట్లోంచే ఆ నంబరు కొట్టాలి. అంతే. నీ కవిత్వం కలపకు."

"నేనెప్పుడు కలిపాను టీచరమ్మా?"

"బెనీతేస్ ఆవు తప్పిపోయిందని చెప్పమంటే దాని కళ్ల గురించి ఐదు నిమిషాలు మాట్లాడావు."

"ఆ కళ్లు అలాంటివి మరి."

బుధవారం మధ్యాహ్నం ఏబెర్ ఆ కబురును మూడుసార్లు చదివాడు. చివర్న, "ఇంతకీ పెద్దలారా, భిన్నాలు పిల్లలకేనా? మనకొస్తాయో రావో తేల్చుకుందాం రండి!" అని సొంతంగా చేర్చాడు. ఆ సమయానికి సుల్మా బడిలో వేసుకునే తన తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటోంది, వినలేదు. నిల్దా విన్నది. టీచరమ్మే చెప్పించిందనుకుని ఊరుకుంది.

గురువారం పది కావస్తుండగా బురద కొట్టుకున్న కారు ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు అందులోనే ఉండిపోయాడు. పొడుగాటి బెర్రూటి లోపలికి వచ్చి, చివరి బల్లలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని, రిజిస్టరు తెరిచింది.

"మొదలుపెట్టండి. నేను లేననుకోండి."

సుల్మా గోడ మీదికి బొమ్మ వేసింది. వచ్చిన ఐదుగురు పిల్లలూ ఒక్కో అంకెనే వెతుక్కుంటూ నంబరు కొడుతున్నారు. గోడ మీద మాత్రం చేరినవారి లెక్క ఆగట్లేదు. తొమ్మిది. ఇరవై రెండు. ముప్ఫై ఆరు. పేర్లు కూడా పడుతున్నాయి: తడిసిన గొర్రె, కత్తెర పోయింది, మామగారు, పాసో సుందరి.

యమీలా చెయ్యెత్తింది. "టీచర్, చోటు లేదంటోంది."

"నాక్కూడా," అన్నాడు మాయ్‌కోల్. "ఉచితమైతే నలభై మందికేనంట. డబ్బు కడితే తలుపు తీస్తారంట."

బెర్రూటి కళ్లద్దాలు సవరించుకుంది. "ఈ నలభై మందీ ఎవరు?"

సుల్మా గోడ మీది పేర్లను ఒక్కొక్కటే చదువుతోంది. వంటింటి గుమ్మంలోంచి నిల్దా, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను పట్టుకుని తొంగిచూసింది. "పాసో సుందరిని నేనేనండి. వాగవతలి పిల్లలిద్దరూ ముందే ఎక్కేశారు. మిగతావాళ్లు మనవాళ్లే. గొర్రెలు తడిసి ఉన్ని కత్తిరించడానికి లేదు కదా, సిల్వా షెడ్డులో పదిహేడు మంది ఊరికే కూర్చున్నారు. రేడియోలో అందర్నీ రమ్మన్నారుగా టీచరమ్మా!"

పద్నాలుగేళ్లు ఇంతటితో సరి అనుకుంది సుల్మా. ఆపేద్దామని ఏదో నొక్కింది. మొదటి ప్రశ్న తెరుచుకుంది. మూడో వంతూ నాలుగో వంతూ కలిపితే ఎంత?

కడ్డీలు లేచాయి. నలభై మందిలో ఇరవై తొమ్మిది మంది రెండు బై ఏడు నొక్కారు.

 మాయ్‌కోల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పైవి పైవీ, కిందవి కిందవీ కూడేశారు! ఇంతింత మనుషులు!"

యమీలా నవ్వలేదు. గోడకేసి వేలు చూపించింది. "కత్తెర పోయింది అంటే మా నాన్న. పోయిన వారం ఆయన కత్తెరే పోయింది. టీచర్, నాకు లెక్కలు రావని రోజూ తిట్టేది ఈయనే!"

సుల్మా అలవాటుగా సుద్దముక్క అందుకుని బోర్డు వైపు తిరగబోయి ఆగింది. అర్థం కావాల్సినవాళ్లు ఈ గదిలో లేరు. పోయేదెలాగూ పోయింది. బల్ల మీది ఫోను తీసి ఏబెర్ నంబరు తిప్పింది.

"ఏబెర్, ఇప్పుడు ప్రసారంలోనే ఉన్నావా? ఉంటే ఈ పిల్ల మాట్లాడుతుంది. నువ్వు నోరు మూసుకో."

యమీలా ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "నాన్నా, నేనే. ఒక తోర్తాను మూడు ముక్కలు చేసి ఒకటి తీసుకో. ఇంకో తోర్తాను నాలుగు ముక్కలు చేసి ఒకటి తీసుకో. రెండూ ఒకే సైజు ముక్కలా? కావు కదా. మరెట్లా కూడతావు? రెండు తోర్తాలనీ పన్నెండేసి ముక్కలు చెయ్యి. మొదటిదాంట్లో నీకు నాలుగొస్తాయి, రెండోదాంట్లో మూడు. ఏడు బై పన్నెండు. నువ్వు చెప్పిన రెండు బై ఏడు మొదటి ముక్కంత కూడా లేదు. ఇంకో ముక్క పెడితే ఉన్నది తగ్గుతుందా నాన్నా?"

సుల్మా రెండో ప్రశ్న తెరిచింది. సగమూ ఐదో వంతూ. ఈసారి ముప్ఫై మూడు మంది సరిగ్గా నొక్కారు. వంటింట్లో నిల్దా గరిటెతో మూకుడు మోగించింది. మూడో ప్రశ్న తీసివేత. దాన్ని మాయ్‌కోల్ వివరించాడు, చక్రం పిలవకుండానే.

బెర్రూటి రాయడం మానేసి చాలాసేపైంది. ఎనిమిదో ప్రశ్న అయ్యాక కాగితం దగ్గరికి లాక్కుంది. వాడిన సాధనాలు అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. అంతలో తలుపు నెట్టుకుని డ్రైవరు వచ్చాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి, చేతిలో ఫోను.

"క్షమించండి మేడమ్. టీచరమ్మా, అన్నీ సరిచేసుకున్నాను గానీ మూడోది మాత్రం ఎందుకు తప్పో తేలట్లేదు. మామగారిని నేనే."

"ఒమార్! నువ్వు బండిలో నిద్రపోతున్నావనుకున్నానే!"

"రేడియో పెట్టుకున్నాను మేడమ్."

బెర్రూటి ఆ ఇరుకు బల్లలోనే కాస్త జరిగింది. "కూర్చో. బాబూ మాయ్‌కోల్, ఈయనకి నెమ్మదిగా చెప్పు." తర్వాత ఆ గడిలో ఇంత రాసింది: "కంప్యూటరు, టెలిఫోను, రేడియో. మొదటిది నిండిపోయింది."

డిసెంబరులో హాల్లో సుల్మా పేరు పదకొండోదిగా పిలిచారు. పోయినేడు ముప్ఫై నాలుగోది. పశువుల డాక్టరుగారి కాబోయే భార్య వెనక వరుసలో చేతులు జోడించి దండం పెట్టుకుంటోంది. సుల్మాకు ఆ పిల్లను చూస్తే జాలేసింది, కానీ గుమాస్తా "ఏ బడి?" అనే లోపే పాసో తోర్దీషో పేరు చెప్పేసింది.