ఏసుమణి కోసిన అబ్రకం

మా గూడూరు అబ్రకం షెడ్డులో ఏసుమణక్క కత్తెర పట్టిందంటే రేకు అంచు గీత గీసినట్టు తెగేది. ఉత్తరాదిలో కొడవలితో చెక్కుతారట. వాళ్ల అంచులు ఏటవాలుగా, మొరటుగా ఉంటాయట. మాది కత్తెర కోత. ఈ మాట రోజుకోసారైనా అనకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు. గొప్పలు పోయే మనిషే, ఎందుకు దాచాలి? కానీ ఆ గొప్పకు తగ్గ చెయ్యి ఉంది. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆమే. వంకర పోతే మొట్టికాయ వేసేది, వెంటనే తన గిన్నెలోని చేపముక్క తీసి నా అన్నంలో పెట్టేది. మొగుడు పోయాక ఆమె ఇల్లు గడిచేది ఆ కత్తెర మీదే.

అరవై రెండులో షావుకారు పద్మనాభయ్య గారు మా దగ్గరికి వచ్చి, కొత్త దేశంతో బేరం తగిలిందనీ, సరుకు శుభ్రంగా ఉండాలనీ చెప్పి వెళ్లారు. మామూలుగా రేకులో పగుళ్లున్న చోటు, మట్టి పట్టిన చోటు మాత్రమే కత్తిరించేవాళ్లం. మిగిలింది ఏ ఆకారంలో ఉంటే అదే. ఆ రోజు ఏసుమణక్కకు పూనకం వచ్చింది.

"పరాయి దేశమోళ్లు చూస్తారు. నాలుగు పక్కలా తిన్నగా కోయండి. గూడూరోళ్ల చెయ్యేందో తెలియాల" అంది.

మేమూ హుషారుగా కోశాం. ఒక్క వంకర లేకుండా తీర్చి పెట్టెల్లో పేర్చాం. షావుకారు చూసి మురిసిపోయారు. సరుకు మద్రాసు రేవులో ఓడెక్కింది.

అవతలి రేవులో ఆగిపోయింది. ఎగుమతి పనులు చూసే గుమాస్తా గంగులయ్య ఒక రోజు మొహం వేలాడేసుకుని మద్రాసు నుంచి వచ్చాడు.

"పగుళ్లు తీసేసినంతవరకు అది భూమిలో దొరికిన ఖనిజమేనంట. ఆకారానికి కోస్తే తయారైన సరుకంట. దాని సుంకం వేరే, శానా ఎక్కువ. కొన్నాయన కట్టనంటా ఉండాడు" అన్నాడు.

"శుభ్రంగా కోసినందుకా?" అని అడిగింది ఏసుమణక్క.

"అందుకేనక్కా."

నాకు ఒళ్లు మండిపోయింది. పనితనానికి జరిమానా ఏమిటని ఆ సుంకాల వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. తిడితే పెట్టెలు కదులుతాయా?

షావుకారు మళ్లీ వచ్చారు. ఈసారి మురిపెం లేదు. "అంచులు ఉన్నవి ఉన్నట్టు వదిలేయండి. ఇంకోసారి సరుకు ఆగిందంటే షెడ్డు మూసుకోవాల్సిందే. తిన్నగా కోసినోళ్లు మర్నాటి నుంచి రానక్కర్లేదు" అన్నారు.

మా చేతులు తొందరగానే మాట విన్నాయి. ఏసుమణక్క చెయ్యి వినలేదు. అంచును వంకరగా వదిలేది, మాటల్లో పడి మరో కోతలో దాన్ని సరిచేసేసేది. చూసుకుని, "పాడు చెయ్యి" అని తన్ను తానే తిట్టుకునేది. సాయంత్రం రేకులు తనిఖీ చేసే మేస్త్రీ మస్తానయ్య గట్టిగా హెచ్చరించాడు. ఇంకొక్కసారి కనిపిస్తే షావుకారుకు చెబుతానన్నాడు.

అప్పటి నుంచి ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచిందంటే చాలు, పక్కన కూర్చునే ఆదిశేషమ్మా నేనూ ఆమె రేకులు లాక్కుని అంచులు కత్తెరతో అక్కడక్కడా కొరికేవాళ్లం. తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆమె పొయ్యి ఆరిపోతుంటే చూస్తూ కూర్చోవాలా?

ఒక మధ్యాహ్నం ఆమె తొందరగా వచ్చేసింది. ఆమె రేకు నా ఒళ్లో ఉంది, కత్తెర నా చేతిలో ఉంది. కొడుతుందనుకున్నాను. రేకు తీసుకుని, నేను పాడుచేసిన అంచు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరిపింది.

"ఎన్నాళ్లుగా?"

"మస్తానయ్య అరిచిన కాడి నుంచి అక్కా."

గోడకు ఆనుకుని కూర్చుంది. అరిచినా బాగుండేది. తన కత్తెర తీసి నా ముందుకు జరిపింది.

"నేర్పించు లక్ష్మీ" అంది.

"ఏందక్కా?"

"వంకరగా కోసేది. ఎల్లకాలం మీరు నా ఎనకాల తిరగలేరు గదా. నేనూ బతకాల."

కత్తెర ఆమె చేతిలోనే పెట్టి, మణికట్టు పట్టుకున్నాను. తిన్నగా పోబోయినప్పుడల్లా పక్కకు నెట్టాను. మొదట ఆ చెయ్యి నాకు ఎదురు తిరిగింది. కొన్ని రేకులయ్యాక బిగువు సడలింది. ఆ సడలడం నా వేళ్లకు తెలిసింది.

"ఇట్టేనా?" అని అడిగింది, రేకు పైకెత్తి చూపిస్తూ. అంచు ఎలుకలు కొరికినట్టుంది.

"ఇట్టే అక్కా. బాగా వచ్చింది" అన్నాను. ఆ మాట అన్నందుకు నా నోరంటే నాకే అసహ్యం వేసింది.