పొట్టు పొయ్యి మీద పుంటికూర

పోయిన నెల నన్ను ఉద్యోగం నుంచి సాగనంపుతూ ఆఫీసు పిల్లలంతా కలిసి ఒక కరెంటు కుండను బహుమతిగా ఇచ్చారు. దాన్ని స్లో కుక్కర్ అంటారట. ముప్పై ఏళ్లకు పైగా ప్రూఫులు దిద్దిన నా వేగాన్ని కళ్లారా చూసినవాళ్లు గనుక, నెమ్మదిగా పనిచేసే వస్తువైతే నాకు ఈడూ జోడూగా ఉంటుందని అనుకొని ఉంటారు. పొద్దున్నే గింజలూ నీళ్లూ పోసి మీట నొక్కి మీ దారిన మీరు పోవచ్చు, దగ్గర ఎవరూ ఉండనక్కరలేదు అని దాని పెట్టె మీద గొప్పగా రాసి ఉంది. పోవడానికి నాకు దారంటూ ఏదీ లేదు కాబట్టి, రాత్రంతా నానిన బొబ్బర్లను ఇవాళ పొద్దున అందులో పోసి, మీట నొక్కి, పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాను. గోంగూరను మా వైపు పుంటికూర అంటాం. నిన్న చిక్కడపల్లి మార్కెట్లో కొన్న రెండు కట్టలూ తుంచి పళ్లెంలో సిద్ధంగా పెట్టుకున్నాను. పదకొండు దాటేసరికి అద్దం మూత మీద ఆవిరి కమ్మి, ఉడుకుతున్న గింజ వాసన వంటిల్లంతా పరుచుకుంది. అంతే, నా వయసులోంచి ముప్పై ఏళ్లు ఆవిరైపోయాయి.

తొంభైల నడిమి సంవత్సరాలవి. నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని నాది. పోటీ పరీక్షల గైడ్లు, కరపత్రాలు, పెళ్లి పత్రికలు, ఏది వస్తే అది దిద్దేవాళ్లం. నాకప్పటికి ముప్పై దాటాయి. సంబంధాలు వచ్చి వచ్చి కాళ్లు నొచ్చి ఇక రావడం మానుకున్న వయసు. అందరి పెళ్లి పత్రికల్లోనూ తప్పులు వెతికే నాకు సొంత పత్రిక ఒక్కటే చేతికి రాలేదు. అమ్మ పోయాక జనగామ దగ్గరి మా ఊళ్లో నా కోసం ఎదురుచూసే మనిషి లేకపోయింది. అశోక్‌నగర్ సందులో ఒక పాత పెంకుటింటి వెనక వాటా కిరాయికి తీసుకున్నాను. ఒక గది, దాని ముందు చిన్న అరుగు, అరుగు పక్కన నల్లా.

ఒంటరిగా బతికినవాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, ఆ రోజుల్లో సాయంత్రం పనినుంచి వచ్చి తాళం తీసే ముందు గొళ్లాన్ని ఒకసారి టకటకలాడించేదాన్ని. లోపల ఎవరూ లేరని తాళం వేసిన నాకే తెలుసు కదా, అయినా ఆ చప్పుడు చేయకుండా తలుపు తీయడం నాకు చేతకాలేదు. సందు మొదట్లో కొత్తగా పెట్టిన కర్రీ పాయింటు ఆయన ఎంతమందికని అడిగితే ఇద్దరికని చెప్పేదాన్ని. ఆ రెండో మనిషి మర్నాడు పొద్దుటి నేనే. వంట వచ్చి ఉంటే ఈ అబద్ధంతో పని ఉండేది కాదు. చదువుకునే పిల్ల అని చిన్నప్పుడు అమ్మ, ఆ తర్వాత వదిన నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, ఆపైన హాస్టలు. ముప్పై ఏళ్ల ఆడమనిషికి అన్నం వార్చడం తప్ప ఏదీ రాదంటే లోకం నవ్వుతుందని భయపడి, ఆ రహస్యాన్ని కిరసనాయిలు స్టవ్వు వెనక దాచిపెట్టాను.

మా గోడ అవతలి ప్లాటులో అప్పుడే పాత బంగళా ఒకటి కూల్చి అపార్ట్‌మెంటు లేపుతున్నారు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కూలీలు అక్కడే రేకుల షెడ్లు వేసుకొని ఉండేవారు. వాళ్లలో ఒకామె నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది, భర్త బొంబాయిలో పనికి పోయి ఉన్నాడు, షెడ్డులో ఒక్కతే ఉండేది. రోజూ పొద్దున నేను ప్రూఫులు ముందేసుకొని అరుగు మీద కూర్చుంటే ఆమె పొయ్యి కూరడం గోడ మీదుగా కనిపించేది. మీలో పొట్టు పొయ్యి చూసినవాళ్లు ఎంతమంది మిగిలారో తెలియదు. కింద పక్కకు చిల్లి పెట్టిన ఒక పాత నూనె డబ్బా, నట్టనడుమ నిలబెట్టిన గాజు సీసా, చిల్లిలోంచి సీసా దాకా దూర్చిన కట్టె. వాటి చుట్టూ వడ్రంగులు కోసి పారేసిన రంపపు పొట్టును పిడికిలితో గట్టిగా కూరి, చివరికి సీసానూ కట్టెనూ మెల్లగా తిప్పుతూ బయటికి లాగేది. నడుమ సన్నటి పొగగొట్టం లాంటి దారి మిగిలేది. కింద చిన్న పుల్ల అంటిస్తే ఆ పొట్టు లోపల్లోపలే రాజుకుంటూ మధ్యాహ్నం దాకా ఒకే సెగన కాలేది. ఆ సెగ మీద కుండ పెట్టి ఆమె ఇటుకలు మోయడానికి పోయేది. అది ఆమె స్లో కుక్కర్.

ఒకరోజు గోడ మీద మోచేతులు ఆనించి నన్ను పిలిచింది.

“మేడం, జర మీ అరుగు మీద పొయ్యి పెట్టుకోనా? ఈడ సిమెంటు దుమ్ము, కుక్కలు. కుండకాడ ఎవ్వరుండరు, పరేషాన్ అయితున్న.”

నాకు ఒంటిగంటకు గాని ప్రెస్సుకు పోయే పని లేదు. సరేనన్నాను. అలా నేను కుండకు కాపలాదారునయ్యాను. నీళ్లు తగ్గితే పోయడం, మూత కదిలితే సర్దడం, అంతే నా ఉద్యోగం. సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చొని ఆమె తెచ్చిన జొన్నరొట్టెల్లోకి ఆ బొబ్బర్ల కూర తినేవాళ్లం. మధ్యాహ్నం ఆమె ఒకసారి వచ్చి కుండలో పుంటికూర ఆకేసి పోయేది. అదెప్పుడో, ఏమి చూసి వేసేదో, ప్రూఫుల్లో తల దూర్చిన నేను ఏనాడూ గమనించలేదు. మూడు వారాలు తిరిగేసరికి గొళ్లం టకటకలాడించడం మానేశానని ఒకనాడు హఠాత్తుగా గుర్తించాను. కర్రీ పాయింటు ఆయన ఎదురుపడి మీ ఇంట్లో ఇద్దరూ ఊరికి పోయిండ్రా అని అడిగితే నవ్వాపుకోలేకపోయాను.

ఇంటి ఓనరమ్మ మొదట్లో ఊరుకోలేదు. “ఏంది బిడ్డా, గోడలన్ని నల్లగ చేస్తరా ఏంది?” అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఒక గిన్నెడు కూర పోసేసరికి గోడల సంగతి మరిచిపోయింది. కుండ ఎవరిదని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇక ప్రెస్సు ఓనరుగారు నా ప్రూఫులు ముక్కు దగ్గర పెట్టుకొని, “ఏందమ్మా గీ వాసన? మన గైడ్లు సదివితే పిల్లలకు నౌకరి సంగతేమో గని ఆకలైతె బాగయితది” అనేవారు.

అప్పుడొచ్చింది రెండో అంతస్తు స్లాబు రోజు. స్లాబు మొదలుపెడితే పూర్తయ్యేదాకా మధ్యలో ఆపరు. ఆడవాళ్లూ మగవాళ్లూ వరసగా నిలబడి కంకర గంపలు చేతులు మార్చుకుంటూ పైకి అందిస్తూనే ఉండాలి. ఆ రోజు పని అయినంక తన ఊరివాళ్లు ఎనిమిదిమందికి ఆమె భోజనం పెడతానని మాటిచ్చింది. పట్నంలో తనకూ ఒక ఇల్లుందని వాళ్లకు చూపించుకోవాలని ఆమె ముచ్చట. ఆ ఇల్లు నా అరుగే. తెల్లవారుజామునే రొట్టెలు కాల్చి, పెద్ద కుండ పొయ్యి మీద పెట్టి, నాలుగు కట్టల పుంటికూర తుంచి నా ముందు పెట్టింది.

“ఇయ్యాల దిగుడు కుదరది. ఆకు ఎప్పుడెయ్యాల్నో నీకెర్కేనాయె గద?”

తెలియదు అన్న నాలుగక్షరాలు నా నోట రాలేదు. నెత్తి ఊపాను.

ఆమె అటు పోగానే ఆలోచించాను. ఆకు ఎంతసేపు ఉడికితే అంత రుచి కదా అనుకొని, కుండ ఇంకా సలసలమనకముందే నాలుగు కట్టలూ అందులో వేసేసి, పెద్ద పని చేసినట్టు చేతులు కడుక్కున్నాను. తొమ్మిదింటికే ఓనరమ్మ అటుగా వచ్చి, గింజ వాసన రాకముందే పులుపు వాసనేందని అడిగింది. మా వైపు అట్లాగే చేస్తామని చెప్పి పంపించాను. లోకంలో ఎవరు ఒత్తు తప్పు రాసినా పట్టుకునేదాన్ని, ఆ రోజు ఒక్క గింజను తీసి ఒత్తి చూడాలన్న తెలివి లేకపోయింది.

పులుపు ముందే తగిలిన గింజ ఉడకదు. ఈ సంగతి వంట తెలిసిన మీకందరికీ తెలుసు. సాయంత్రం ఆరింటికి నేను ప్రెస్సు నుంచి వచ్చి మూత తీస్తే ఆకు కరిగి గుజ్జయిపోయింది, గింజలు మాత్రం పొద్దున చూసినట్టే బిగదీసుకొని ఉన్నాయి. మరో గంటకు ఒళ్లంతా సిమెంటు పాలతో తొమ్మిదిమందీ నల్లా దగ్గర కాళ్లు కడుక్కొని వరసగా కూర్చున్నారు. ఆమె మొహం వెలిగిపోతోంది. ఆకలితో పెట్టిన మొదటి ముద్ద దగ్గరే గింజలు పటపటమని అందరి దవడలూ ఆగాయి. వాళ్లలో పెద్దాయన ఒకటి తీసి దీపానికి ఎత్తి చూశాడు.

“ఏందే కోడలా, స్లాబుల మిగిలిన కంకర గిట్ల ఏసినవా?”

అందరూ నవ్వారు. నేను గడపలో నిలబడి ఉన్నాను. ఆమె నా వైపు చూసింది. ఒక్క క్షణమే. నా మొహంలో ఏ అచ్చుతప్పు కనబడిందో, అక్షరం రాని ఆ మనిషి చదివేసింది.

“నేనే ఏసిన మామా. పొద్దుగాల దిమాక్ పనిజెయ్యలే. గింజ ఉడకకముందే ఆకేసి ఉరికిన.”

“పట్నమొచ్చి వంట మర్సినవ్ పో” అన్నాడాయన. వాళ్లు రొట్టెలను ఆ గుజ్జులో అద్దుకొని, గింజలు పక్కకు నెట్టి తిన్నారు. ఎన్నాళ్లకో ఒకసారి దొరికిన ఆమె గొప్ప అలా నా మూలంగా పళ్లేల అంచున కుప్పలుగా మిగిలింది. అందరూ వెళ్లాక ఆ గింజల్ని ఎత్తుతూ నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె నా చేతిలోంచి పళ్లెం తీసుకుంది.

“తెల్వదంటే అయిపోతుండె గద చెల్లె. తెల్వదనుడు తప్పా?”

అప్పటిదాకా నేను మేడాన్ని. ఆ వేళనుంచి చెల్లెలినయ్యాను. మర్నాటి నుంచి మధ్యాహ్నం ఆమె వచ్చినప్పుడు ప్రూఫులు పక్కన పెట్టడం నేర్చుకున్నాను. కుండలోంచి ఒక గింజను గరిటెతో తీసి, ఊది, నా బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టేది. “ఏళ్ల నడుమ మెత్తగ నలగాలె. గట్ల నలిగినంకనే ఆకు. జర ఓపికవట్టు” అనేది. నాకు బతుకులో వచ్చిన వంట అదొక్కటే, వచ్చిన అక్క ఆమె ఒక్కతే.

ఆ ఎండాకాలానికి పనంతా అయిపోయి వాళ్ల గుంపు అడిక్‌మెట్‌లో వేరే పనికి మారింది. పోయే రోజు నూనె డబ్బా నా అరుగు మీదే వదిలేసి, కుండ మాత్రం నెత్తిన పెట్టుకుంది.

“ఐతారం రా చెల్లె. పొద్దుగాల్నే కుండ పెడ్త. నువ్వొచ్చినంకనే ఆకేస్త.”

అడిక్‌మెట్ ఎంత దూరమని. మా సందు నుంచి నడిచినా అరగంట పట్టదు. ఆ ఆదివారం ఏదో పరీక్ష గైడు అచ్చుకు పోవాలని ప్రెస్సు ఓనరుగారు పిలిపించారు. వెళ్లాను. ఆ తర్వాతి ఆదివారం ఇంకో గైడు. రానని ఒక మాట అంటే ఆయన ఏమీ అనేవారు కాదు, నాకది తెలుసు. పోతే పోనీ, వచ్చే వారం పోదాంలే, అక్క ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ఎదురుచూసే మనిషి లేదని అంతకాలం బాధపడ్డ నాకు, ఎదురుచూస్తున్న మనిషి ఉన్నప్పుడు ఏం చేయాలో తెలియలేదు.

మూడో ఆదివారం చిక్కడపల్లిలో రెండు కట్టల పుంటికూర కొనుక్కొని పోయాను. ఆమె షెడ్డులో వేరే ఆమె ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

“ప్రూపు మేడం నువ్వేనా? మొగడు పిలిపిచ్చుకుంటే బొంబాయి పాయె గద, నాలుగు దినాలయె. రెండు ఐతారాలు సూసింది నీకోసం. కుండ దించలే, ఆకెయ్యలే. పొద్దుగూకినంక ఉత్త గింజలే ఇంత ఉప్పేసుకొని తిన్నది.”

బొంబాయిలో ఎక్కడో ఆమెకు తెలియదు. ఊరి పేరు అడిగితే కూడా తెలియదంది. రెండు ఆదివారాల్లో ఒక్కటైనా ఖాళీ చేసుకోలేని నేను, ఆమెతో అన్ని నెలలు తిని, ఆమె ఊరి పేరు కూడా అడిగి ఉండలేదు. పుంటికూర ఆ షెడ్డు ముందే పెట్టి తిరిగొచ్చాను. ఆ సాయంత్రం తాళం తీసే ముందు నా చేయి దానంతటదే గొళ్లాన్ని టకటకలాడించింది.

కొన్నేళ్లకు ఓనరమ్మ ఆ పెంకుటిల్లు అమ్మేస్తే నేను గోడ దాటి ఈ అపార్ట్‌మెంటులోకే వచ్చాను. రెండో అంతస్తు స్లాబు పైన ఉన్న వాటానే కావాలని పట్టుబడితే, ఎండ తక్కువనో గాలి ఎక్కువనో అనుకున్నారు అందరూ. నా అరుగు ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతారు. రంపపు పొట్టు ఎవరికీ అక్కరలేదు. గోడలు నల్లబడవు, ప్రూఫులకు వాసన అంటదు, ప్రూఫులే కాగితం మీద లేవు. అన్నీ తేలికయ్యాయి. అయితే దగ్గర ఎవరూ ఉండనక్కరలేని వంటకు ఒకరి అరుగు అడగనక్కరలేదు, ఒకరిని గోడ మీదుగా పిలవనక్కరలేదు. పెట్టె మీద ఆ సంగతి రాయలేదు.

ఒంటిగంట అయింది. మూత తీసి ఒక గింజను గరిటెతో తీసి, ఊది, రెండు వేళ్ల నడుమ ఒత్తి చూశాను. మెత్తగా నలిగింది. కింద ఆ రోజు ఆమె గంప మోసి పోసిన స్లాబు, పైన నేను. తుంచిన పుంటికూర పళ్లెంలో వాడిపోతోంది. ఇక వేసేయవచ్చు, తెలుసు. ఇంకా వేయలేదు.