ఆటకు ముందే అడిగేవాడు

మస్కట్‌లో పందెం కాయడం నేరం. ఘలాలోని కంపెనీ క్యాంపులో ఆ సంగతి తెలియనివాడు లేడు. షార్జాలో క్రికెట్ ఉన్న శుక్రవారం మాత్రం అది గుర్తున్నవాడూ లేడు.

ఆ శుక్రవారాలు తలచుకుంటే లచ్చన్నకు ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది. రూమ్‌లో పన్నెండు మంది, ఒకే ఒక్క రేడియో. దాని ఏరియల్‌కు కట్టిన రాగి తీగను ఒకడు కిటికీ బయట చెయ్యెత్తి పట్టుకోవాలి. వాడికి చెయ్యి నొప్పి పుట్టి దించాడా, వికెట్ పడిందో లేదో ఆ దేవుడికే తెలియాలి. పొయ్యి మీద పప్పు మాడిపోయేది. మాడిన పప్పే తిని, మాడ్చినవాణ్ని తిట్టుకుంటూ, మళ్లీ శుక్రవారం కోసం ఎదురుచూసేవాళ్లు.

లచ్చన్నది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఎనభై ఎనిమిదిలో, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్‌గా ఒమన్ వచ్చాడు. చెక్కను వేలితో కొట్టి లోపల పుచ్చుందో లేదో చెప్పేసేవాడు. కానీ క్యాంపులో అతనికి పేరు తెచ్చింది చెక్కలు కాదు, బుకీలు. పందెం డబ్బు పట్టేవాడు నమ్మదగినవాడా కాదా అన్నది లచ్చన్నే తేల్చాలి. తను మాత్రం జన్మలో ఒక్క పందెమూ ఆడలేదు. వంట చేతకానివాడు ఉప్పు చూసినట్టుండేది వ్యవహారం.

నిజానికి ఆ విద్య పిరికితనం వల్ల అబ్బింది. వచ్చిన మొదటి నెలలో రూమ్‌వాళ్లు అతన్ని మత్రా సూక్ అనే పాత బజారుకు తీసుకుపోయారు. అక్కడ దర్జీ ఇనాయత్ కుట్టుమిషన్ మీద బట్టలు కుడుతూనే పందేలు పట్టేవాడు. అందరూ తలా అర రియాల్ కట్టారు. మొహమాటానికి లచ్చన్నా కట్టాడు. వీధి మలుపు తిరిగాడో లేదో, ఊళ్లో ఉన్న భార్య యాదవ్వ మొహం కళ్లముందు మెదిలింది. ఒక్క పరుగున వెనక్కి వచ్చాడు.

"ఇనాయత్ భాయ్, నా పైసలు నాకియ్యి. నేను పందెం ఆడ."

ఇనాయత్ కత్తెర పక్కన పెట్టాడు. ఎందుకని అడగలేదు. డబ్బా తెరిచి అదే నోటు తీసి చేతిలో పెట్టాడు.

"కూసో లచ్చన్నా, చాయ్ తాగి పో. ఆట షురూ కాకముందు పైసలు నీయే, నాయి కావు."

ఆ మాట లచ్చన్న మనసులో నాటుకుపోయింది. అప్పట్నుంచి కొత్త బుకీ ఎవడొచ్చినా ఒకటే పరీక్ష. కొంచెం కట్టడం, ఆటకు ముందే వెనక్కి అడగడం. గెలిచినవాడికి ఎవడైనా ఇస్తాడు, పదిమంది చూస్తుంటారు కనుక. మనసు మార్చుకున్నవాడికి ఇచ్చేవాడే మనిషి. ఒకడు రేపు రమ్మన్నాడు. ఒకడు "గింత భయమైతే ఎందుకచ్చినవ్?" అని ఎగతాళి చేశాడు. అలాంటివాళ్లను క్యాంపు గేటు దాటనిచ్చేవాళ్లు కాదు.

ఇనాయత్‌లాంటివాడు మళ్లీ దొరకలేదు. మనిషికి ఒక రియాల్ మించి పట్టేవాడు కాదు. ఆట అయ్యాక ఓడినవాళ్లనే పిలిచి మరీ చాయ్ తాగించేవాడు. "గెలిచినోనికి నా చాయ్ ఎందుకు?" అనేవాడు. ఆ చాయ్ కోసమే ఓడినా ఫరవాలేదనిపించేదని లచ్చన్న పక్కమంచం నర్సయ్య అంటుండేవాడు.

తొంభై మూడులో ఫజల్ దిగాడు. ఖురంలో ఏదో హోటల్లో వంటవాడు. ఎంత పందెమైనా పట్టుకుంటానన్నాడు. లచ్చన్న పరీక్షకు వెళ్లి ఒక రియాల్ కట్టాడు. ఫజల్ అతన్ని కూర్చోబెట్టి, పళ్లెం నిండా బిర్యానీ వడ్డించాడు. ఐదేళ్లుగా మాడిన పప్పు తిన్న నోరు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాక చూస్తే, రియాల్ వెనక్కి అడగడానికి నోరు పెగల్లేదు. ఇంత పెట్టినవాణ్ని అనుమానించడమా?

"అడిగినవా? ఇచ్చిండా?" అన్నారు క్యాంపులో.

లచ్చన్న అవునన్నట్టు తల ఊపాడు. జన్మలో ఆడిన పందెం ఏదైనా ఉందంటే, అదే.

రెండు నెలల తర్వాత ఫజల్ రాత్రికి రాత్రే మాయమయ్యాడు. అందరికంటే ఎక్కువ మునిగింది నర్సయ్య. తను వచ్చాక పుట్టిన బిడ్డను చూడటానికి సెలవు మీద వెళ్లాల్సినవాడు, దాచిందంతా వాడి చేతిలో పోశాడు. "వట్టి చేతులతోని ఎట్ల పోవాలె?" అని ప్రయాణం రెండేళ్లు వాయిదా వేశాడు. చివరకు వెళితే, నాలుగేళ్ల బిడ్డ తల్లి కొంగు చాటుకు పోయి "ఎవలమ్మా ఈయన?" అని అడిగిందట. అయినా నర్సయ్య లచ్చన్నను పల్లెత్తు మాట అనలేదు. "నువ్వేం జేస్తవన్నా, అడిగితే ఇచ్చిండు గద. మనిషి బుద్ధి ఎప్పుడు మారుతదో ఎవలకెరుక" అని తనే ఓదార్చాడు. ఆ ఓదార్పు విని లచ్చన్న మొహం తిప్పుకున్నాడు. తిడితే ఎంత బాగుండేదో.

తొంభై తొమ్మిది వచ్చేసరికి ఇనాయత్ చూపు మందగించి ఊరికి పోయాడు. ఆ ఎండాకాలం ప్రపంచ కప్పు ముందు, ఖురంలో ఆఫీసు క్లర్కుగా చేసే సంజీవ్ క్యాంపుకొచ్చాడు. లచ్చన్న పక్క ఊరివాడే. ఇప్పుడు బుకీ కంప్యూటర్‌లోనే ఉంటాడని, క్రికెట్టేమిటి, ఇంగ్లండ్ గుర్రాల మీద కూడా కాయొచ్చని చెప్పాడు. పది డాలర్లు కడితే మరో పది ఉత్తపుణ్యానికే ఇస్తాడట. క్యాంపు గుప్పుమంది. "లచ్చన్న సూడాలె" అన్నారు.

తన ఆఫీసుకు తీసుకుపోతూ దారిలో సంజీవ్ మెల్లగా అన్నాడు: "కాకా, నేను చేర్పిచ్చినోళ్లకు నాకు కమీషన్ అస్తది. అండ్ల సగం నీకు."

"ముందుగాల వాణ్ని సూడనీ" అన్నాడు లచ్చన్న.

సెలవురోజు ఆఫీసు ఖాళీగా ఉంది. తెర మీద గుర్రాలు. వానొచ్చి ఆట ఆగితే ఎట్లా అని అడిగాడు లచ్చన్న. డబ్బు వెనక్కిస్తాడని సంజీవ్ చదివి చెప్పాడు. గెలిస్తే ఎన్నాళ్లకు? అదీ రాసే ఉంది. ఇనాయత్ కంటే పద్ధతిగానే ఉన్నాడే అనుకున్నాడు.

"పది కట్టు. కట్టినవా? ఇగ ఇప్పుడు వాపస్ అడుగు."

సంజీవ్ నవ్వుతూ తన బ్యాంకు కార్డు మీదనే కట్టాడు, నవ్వుతూనే వెనక్కి అడిగాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఉట్టిగ ఇచ్చిన పది తీసుకున్నం గదా కాకా... రెండూ కలిపి పదిసార్లు ఆడినంకనే ఇస్తడట."

"మన పది గూడనా?"

"మన పది గూడ."

ఆ చల్లటి ఏసీ గదిలో లచ్చన్న ముక్కుకు బిర్యానీ వాసన కొట్టింది.

క్యాంపుకొచ్చి వద్దన్నాడు. ఎవరూ వినలేదు. ఫ్రీగా ఇస్తానంటే వద్దనే పిచ్చివాడు ఉంటాడా? నర్సయ్య అప్పటికే నోట్లు చేతిలో పట్టుకుని ఉన్నాడు. మళ్లీ సెలవు దగ్గరపడింది మరి.

"అన్నా, ఫజల్‌ను గూడ అడిగితివి, వాడు ఇచ్చె. ఇచ్చినోడే ముంచిండు. ఇగ నీ పరీచ్చ ఏం పనికస్తది?" అన్నాడు, కోపం లేకుండానే.

అందులో తప్పేముంది? తన అబద్ధమే తన పరీక్షను చంపేసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే పేరు మిగులుతుంది, నర్సయ్య మునుగుతాడు. లచ్చన్న లేచి నిలబడ్డాడు.

"ఫజల్‌ను నేను అడగలే నర్సయ్యా. బిర్యానీ పెట్టిండు, తిన్న. అడగ నోరు రాలే. మీకు అబద్ధం చెప్పిన. కంప్యూటరోడు ఇచ్చేది గూడ గా బిర్యానే."

నర్సయ్య నోట్లు మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు ఒక్కరూ సంజీవ్‌కు డబ్బు ఇవ్వలేదు. ఆ తర్వాత లచ్చన్నను ఎవరూ ఏ బుకీ గురించీ అడగలేదు.

నర్సయ్య మూడు వారాలు మాట్లాడలేదు. పక్కమంచమే, అయినా అటు తిరిగి పడుకునేవాడు. నాలుగో శుక్రవారం రెండు గ్లాసుల చాయ్‌తో వచ్చి, ఒకటి లచ్చన్న ముందు పెట్టాడు.

"ఇనాయత్ లేడాయె" అన్నాడు. "ఓడినోళ్లకు ఎవలో ఒకలు చాయ్ పొయ్యాలె గద."

లచ్చన్న గ్లాసు అందుకున్నాడు. ఆత్రంలో సగం ఒలికింది. నర్సయ్య తన గ్లాసులోంచి కొంచెం అందులోకి వంచాడు.